ఆమె పాదాల సంగతి సరోజమ్మకు ముందే తెలుసు

నా భార్యకు రొమ్ము క్యాన్సర్ నయమై ఎనిమిదేళ్లయింది. ఈ సాయంత్రం కాడుగోడి మార్కెట్లో ఆమె కాలి చెప్పు జారిపోయింది. చూసుకోకుండా నాలుగడుగులు వేసింది. నేను చెప్పు తెచ్చిచ్చి, ఎప్పటిలాగే కసిరాను.

పక్కన సరోజమ్మ ఉంది. ఆమెకూ అదే జబ్బు వచ్చి తగ్గింది. కీమోకు వెళ్లినప్పుడు ఇద్దరివీ పక్కపక్క మంచాలు.

“కోప్పడొద్దన్నా. కీమో అయినప్పట్నించి ఆయమ్మ పాదాలు మొద్దుబారి ఉండాయి. చెప్పు పోయినా తెలీదు. మీకు చెప్పలేదా?” అంది.

నేను నా భార్య వైపు చూశాను. ఆమె వంకాయలు ఏరుతూ, “మీకు చెప్తే ఆ పొద్దే ఆస్పత్రికి తోలుకొని పోతారు. సరోజమ్మకి చెప్తే నాకూ అంతే అంటాది, అయిపోతాది” అంది.

అజాగ్రత్త అనుకొని ఇన్నేళ్లూ ఆమెకు బిగుతు చెప్పులే కొన్నాను. నలభై ఏళ్ల కాపురం నాది. ఎనిమిదేళ్ల స్నేహం సరోజమ్మది. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, సరోజమ్మ మీద నాకు అసూయగా ఉంది.

ఇంటికొచ్చాక నా భార్య కాలి బొటనవేలు పట్టుకొని, తెలుస్తోందా అని అడిగాను.

“చూస్తా ఉండాను కాబట్టి తెలుస్తా ఉండాది” అంది.

మీ ఆవిడ బాధ మీకంటే ముందు ఎవరికి తెలుసో మీరూ అడిగి చూడండి. జవాబు నచ్చకపోతే ఇక్కడ రాయండి, నేనున్నాను.