రంపం పిన్ని ఏమీ అనలేదు

సంచుల వీధిలో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ రంపం పిన్నే. ముందుకు లాగినా వెనక్కి లాగినా కోస్తుంది గనక ఆ పేరు. పిలిచేవాళ్ళు మొహం మీదే పిలిచేవారు, ఆవిడా పలికేది. ఎదురుగా అంటే తిట్టు, చాటుగా అంటే చాడీ. తిట్టుకి తిట్టు బదులిచ్చి మర్నాడు మాట్లాడుకోవచ్చు, చాడీలు చెప్పేదాని గడప మాత్రం తొక్కకూడదు. ఆ వీధి నీతి మొత్తం అంతే.

కొందరి గురించి పైకి అలా కనిపిస్తారు గాని లోపల వెన్న అంటారు. రంపం పిన్ని సంగతిలో అది పచ్చి అబద్ధం. పైనా రంపమే, లోపలా రంపమే.

వీధంతా సంచులు కుట్టి బతికేది. ఒక్కో ఇంటిది ఒక్కో పని. ఒకింట్లో గుడ్డ కత్తిరిస్తే పక్కింట్లో జేబులు కుట్టేవారు, ఆ పైఇంట్లో జిప్పులు, ఇంకో ఇంట్లో పక్కకుట్లు. కిటికీల్లోంచి చేతులు మారుతూ మారుతూ సంచి చివరికి రంపం పిన్ని మేడగదికి చేరేది. ఆవిడ దబ్బనంతో భుజం పట్టీలు బిగించేది. ఆ తరవాత సంచిలో కాలు పెట్టి, పట్టీలు రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి పైకి లాగేది. నిలిచిందా, కొట్టుకి వెళుతుంది. ఎక్కడన్నా చిటుక్కుమందా, ఇక చూసుకోవాలి. పిట్టగోడ మీంచి సంచి వీధిలోకి ఎగిరి పడేది, దాని వెనకే ఆవిడ గొంతు.

"ఏమే జిప్పులదానా! ఇది కుట్టింది చేతితోనా, కాలితోనా? కళ్ళు నెత్తికెక్కాయా? నీ మొహం మండ, దీన్ని మోసే పిల్ల పుస్తకాలు రోడ్డు పాలు చేస్తావా?"

పడ్డ సంచిని ఇంకెవరూ ముట్టుకోకూడదు. కుట్టినదే నడిచొచ్చి, నలుగురూ చూస్తుండగా వంగి తీసుకుని, ఇంటికెళ్ళి విప్పి మళ్ళీ కుట్టాలి. ఆ వంగడం తప్పించుకోవడానికే వీధిలో ఆడవాళ్ళందరూ కుట్టు మీద కుట్టు వేసేవారు. కొట్లవాళ్ళు ఆ వీధి సంచిని తిరగేసి చూడకుండా తీసుకునేవారంటే, అందులో సగం పుణ్యం ఆవిడ నోటిది.

ఎక్కువ సంచులు పడేది మాత్రం ఆవిడ మేడ కిందే, తోడికోడలి గుమ్మంలో. తోడికోడలు పక్కకుట్లు కుట్టేది. ఇద్దరికీ పడదు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు మామగారు మంచి కుట్టుమిషన్ చిన్నకోడలికి ఇచ్చాడు. "చిన్నదాని చెయ్యి వడి" అన్నాడట. పెద్దకోడలికి మేడగది, దబ్బనాల డబ్బా దక్కాయి. మామగారు పోయాడు, మొగుళ్ళు ఒకరి తరవాత ఒకరు పోయారు, ఆ మాట మాత్రం పోలేదు. కిందనుంచి మిషన్ చప్పుడు వినిపించినప్పుడల్లా పైన రంపం పిన్నికి కడుపు రగిలేది. తోడికోడలి కుట్టులో తప్పు దొరికిన రోజు ఆవిడ మొహం వెలిగిపోయేది. అలాంటి రోజులు ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి, ఎందుకంటే తోడికోడలు ఆవిడకి దొరక్కూడదనే పంతంతో కుట్టేది. మిగిలిన రోజుల్లో ఇతర్ల తప్పుల్ని కూడా రంపం పిన్ని ఆ గుమ్మంలోకే గురిచూసి విసిరేది.

ఇలా ఒకరినొకరు తినుకుంటూ, ఆ పూటకి ఆ పూట గడుపుకుంటున్న వీధికి అభివృద్ధి వచ్చింది. ఇస్త్రీ చొక్కాలో, చాలా మర్యాదగా వచ్చింది. దాన్ని తెచ్చిన కుర్ర అధికారికి వీధివాళ్ళు అభివృద్ధి బాబు అని పేరు పెట్టారు.

బాబు తెలివితక్కువవాడు కాదు. ఊళ్ళో పని లేక జనం తట్టాబుట్టా సర్దుకుని పోతున్నారు, ఎక్కడి ఫ్యాక్టరీనో తెచ్చి పెట్టేకంటే ఇక్కడున్న పనినే పెద్దది చేయాలి అన్నాడు. "మీ చేతుల్లో విద్య ఉందమ్మా. లేనిదల్లా పెద్ద ఆర్డరు. ఇళ్ళలో కూర్చుని కుడితే పెద్ద ఆర్డరు ఎవరిస్తారు?" అన్నాడు. ఊరి చివర షెడ్డు కట్టించాడు, కరెంటు మిషన్లు తెప్పించాడు. బడి పిల్లలకి సంచులు కుట్టే ఆర్డరు ఒకటి సంపాదించాడు. షరతు కూడా దాచలేదు. ఈ మొదటి ఆర్డరు నెగ్గితే షెడ్డూ మిషన్లూ వీధి సంఘానికే సొంతం, ఇంకో నాలుగు వీధుల ఆడవాళ్ళకి కూడా పని దొరుకుతుంది. తప్పితే షెడ్డు దాన్ని కట్టిన కంట్రాక్టరుకే పోతుంది.

ఇదంతా అతను వీధి మధ్యలో నిలబడి చెబుతుండగా పైనుంచి ఒక సంచి వచ్చి అతని భుజానికి తగిలి కింద పడింది. వెనకే జేబులు కుట్టేదాని మూడు తరాలనూ ఏకిపారేస్తూ ఒక గొంతు. బాబు తెల్లబోయి పైకి చూశాడు.

"ఎవరమ్మా ఆవిడ?"

"మా అక్క బాబూ," అంది తోడికోడలు. "తిండి లేకపోయినా ఉంటుంది గాని తిట్టకుండా ఉండలేదు."

అందరూ పగలబడి నవ్వారు. పైన పిట్టగోడ దగ్గర రంపం పిన్ని ఆ నవ్వు వింది.

సంఘానికి అధ్యక్షురాలిగా తోడికోడల్ని ఎన్నుకున్నారు. చెయ్యి వడి, మాట మెత్తన, బాబుతో జంకకుండా మాట్లాడుతుంది. రంపం పిన్నిని అసలు తీసుకోవాలా వద్దా అని బాబు సందేహించాడు. ఇలాంటి వాతావరణంలో కొత్తగా వచ్చే ఆడవాళ్ళు ఎలా పనిచేస్తారన్నాడు. చివరికి తోడికోడలే, "పోనీండి బాబూ, ముసలి ప్రాణం, ఎక్కడికి పోతుంది" అంది. జాలిపడి అందో, తన కింద పని చేయించుకోవాలని అందో, ఆమెకే తెలియాలి. రంపం పిన్నికి మాత్రం పుండు మీద కారం చల్లినట్టయింది.

పట్టీలు ఇక మిషన్లే కుడతాయి గనక దబ్బనంతో పని లేదు. ఆవిడకి బల్ల చివర దారాలు కత్తిరించి, సంచులు మడిచి అట్టపెట్టెల్లో సర్దే పని ఇచ్చారు. షెడ్డు గోడ మీద బాబు పెద్ద అక్షరాలతో "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని రాయించాడు. ఎవరూ ఎవర్నీ దూషించకూడదు, పని విసిరి కొట్టకూడదు. లోపం కనిపిస్తే చీటీ రాసి తలుపు పక్కనున్న పెట్టెలో వేయాలి, రాసినవాళ్ళ పేరు ఎవరికీ చెప్పరు.

ఆ పెట్టెలో ఒక్క చీటీ కూడా పడలేదు. పేరు చెప్పకుండా పక్కదాని మీద రాసి వేయడమంటే చాడీ కదా, ఆ వీధిలో ఎవరు చేస్తారు! బాబు మాత్రం వారం వారం పెట్టె తెరిచి చూసి మురిసిపోయేవాడు.

పని జోరుగా సాగింది. పట్టీ పెట్టిన చోట ముందుకు కుట్టి, అదే దారిలో వెనక్కి కుట్టి, అప్పుడు దారం తెంపాలి. వెనక్కి కుట్టకపోతే పైకి ఏమీ తెలియదు, బరువు పడ్డప్పుడు పట్టీ చేతికొస్తుంది. కరెంటు మిషన్ మీద ముందుకు పోవడం సుఖం. ఎన్ని కుడితే అన్నిటికి కూలీ. వెనక్కి కుట్టడం మొదట ఒకత్తె మానేసింది. ఏమవుతుందోనని బల్ల చివరికి ఓరగా చూసింది. ఏమీ కాలేదు. పక్కది చూసింది, అదీ మానేసింది. తప్పైతే ఈపాటికి రంపం పిన్ని తిట్లు ఎత్తుకుని ఉండదా? ఆవిడే ఊరుకుందంటే ఈ మిషన్లకి ఆ కుట్టు అక్కర్లేదు కాబోలు అనుకున్నారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వాళ్ళకి తెలిసిన పరీక్ష అదొక్కటే.

రంపం పిన్ని మొదటి రోజే పట్టుకుంది. మడతపెట్టబోతూ, అలవాటు చొప్పున పట్టీ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. వానపాములా ఊడి చేతికొచ్చింది. నోరు తెరిచింది కూడా. తిట్టు నాలుక చివరికి వచ్చేసింది.

అటువైపు నుంచి తోడికోడలు, మెడలో అధ్యక్షురాలి కార్డు ఊగుతుండగా, నలుగురికీ వినిపించేలా అంది. "ఏమక్కా, తిట్టొస్తోందా? మింగెయ్. లేకపోతే అదుగో పెట్టె. రాయడం రాకపోతే చెప్పు, నేను రాసిపెడతాను."

మళ్ళీ అదే నవ్వు.

రంపం పిన్ని నోరు మూసుకుంది. ఊడిన పట్టీని సంచి లోపలికి దోపి, మడిచి, పెట్టెలో పెట్టింది. దాని మీద ఇంకోటి. ఆవిడకి ఆ పూట కలిగినంత తృప్తి మామగారు పోయినప్పుడు కూడా కలగలేదు. 'మునుగు. కార్డు మెడకి కట్టుకునే మునుగు' అనుకుంది. షెడ్డు పోతే తన పొయ్యిలో కూడా పిల్లి పడుకుంటుందని ఆవిడకి తెలియక కాదు. ఎదుటిదానికి రెండు కళ్ళూ పోతాయంటే తనది ఒకటి పొడుచుకోవడానికి సిద్ధపడే మనుషులుంటారు. ఆ రోజు మొదలు ఆర్డరు పూర్తయ్యేదాకా ఆవిడ నోరు మెదపలేదు. పనిలోకి వచ్చేది, దారాలు కత్తిరించేది, మడిచేది, వెళ్ళేది.

వీధంతా ఆశ్చర్యపోయింది. "పిన్ని మారిపోయింది" అన్నారు. "కొత్త మిషన్లు పిన్ని నోరే కట్టేశాయి" అన్నారు. లారీ ఎక్కించిన రోజు బాబు సంతోషం పట్టలేక ఉపన్యాసమిచ్చాడు. ఇంట్లో పాత మిషన్లు ఇంకెందుకని చాలామంది అంతకుముందే తెగనమ్ముకున్నారు. ఇళ్ళలో కుట్టి ఇచ్చేవాళ్ళు లేకపోయేసరికి పాత కొట్లవాళ్ళు సరుకు ఇంకో ఊరినుంచి తెప్పించుకుంటున్నారు. అదేమీ ఆ రోజు ఎవరికీ పట్టలేదు.

వెళ్ళిన లారీయే సంచులతో తిరిగొచ్చింది. పిల్లలు పుస్తకాలు పెట్టి భుజానికెత్తుకున్నారో లేదో పట్టీలు ఊడిపోయాయి. షెడ్డు ముందు కుప్ప పోస్తుంటే ఆడవాళ్ళు కొయ్యబారి చూశారు. షరతు ప్రకారం షెడ్డు కంట్రాక్టరు చేతికి పోయింది. అతను తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. అభివృద్ధి బాబుకి ఏమీ కాలేదు. బదిలీ అయింది. ఎక్కడో ఇంకో వీధిని ఉద్ధరిస్తూ ఉంటాడు.

కంట్రాక్టరుకి ఊరివాళ్ళలో ఒక్క మనిషి కావలసి వచ్చింది, సరుకు సర్దడానికి. గొడవలు పడేవాళ్ళు వద్దన్నాడు. బాబు వెళ్తూ వెళ్తూ ఒక మంచి పని చేద్దామనుకుని రంపం పిన్నిని చూపించాడు. "మొదట్లో కాస్త దురుసు మనిషేనండి. కాని షెడ్డులో ఉన్నన్నాళ్ళూ ఒక్కరిని ఒక్క మాట అనలేదు" అన్నాడు. అలా సంచుల వీధి మొత్తానికీ మిగిలిన ఒక్క ఉద్యోగం ఆవిడకి దొరికింది.

మొదటి రోజు పొద్దున్నే మెట్లు దిగేసరికి కింద కుళాయి దగ్గర తోడికోడలు బిందె పట్టుకుని నిలబడి ఉంది. లోపల మామగారి మిషన్ ఉండే మూల ఖాళీగా ఉంది. దారికి అడ్డంగా ఉంది గాని ఆమె జరగలేదు. రంపం పిన్ని కొంగు బిగించింది. జవాబులన్నీ ముందే సిద్ధంగా ఉన్నాయి. మెడలో కార్డు ఏమైందే అని అడగాలి. చెయ్యి వడిదానివి కదే అనాలి.

"ఒక్క మాట చెప్పి వెళ్ళక్కా," అంది తోడికోడలు. "పట్టీలు ఊడతాయని నీకు తెలుసా?"

మొహం మీద అడిగితే అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజునించీ."

తోడికోడలు తల ఊపింది. బిందె నిండి పొర్లుతోంది, కుళాయి కట్టలేదు.

"లారీ ఎక్కించే ముందు ఆ బాబు అడిగాడక్కా, నాలుగు సంచులు విప్పి చూద్దామా అని. అక్కర్లేదన్నాను. మా అక్క చేతుల మీంచే వెళ్ళాయి, ఆవిడ ఏమీ అనలేదు, ఇంక చూడక్కర్లేదు బాబూ అన్నాను."

రంపం పిన్ని బిగించిన కొంగు వదిలేసింది.

"నామీద నీకు కక్షని నాకు తెలీదా? కాపరానికొచ్చిన నాటినుంచీ తెలుసు. కాని ఎన్ని తిట్టినా, ఎన్నిసార్లు నా గుమ్మంలో విసిరినా, బాగున్న కుట్టుని బాగాలేదని ఒక్కనాడు అనలేదు నువ్వు. బాగాలేనిదాన్ని బాగుందని వదల్లేదు. ఊళ్ళో నేను నమ్మింది నీ నోటినే అక్కా. ఇంకెవర్నీ కాదు."

అంతే అంది. కుళాయి కట్టి, బిందె చంకనెత్తుకుని లోపలికి వెళ్ళింది.

రంపం పిన్ని అక్కడే నిలబడింది. తిడుతుందని నిలబడింది. తిడితే ఎదురు తిట్టచ్చు, జుట్టు పట్టుకుంటే పట్టుకోవచ్చు, సాయంత్రానికి ఇద్దరూ మళ్ళీ మామూలు శత్రువులు కావచ్చు. లోపల బిందె దించిన చప్పుడైంది, తరవాత తలుపు గడియ పడింది. "ఏమే" అని ఒకసారి పిలిచింది. గొంతు ఆవిడకే వినిపించనంత చిన్నగా వచ్చింది.

ఊరి చివర షెడ్డు కూత వినబడింది. వేళ దాటితే లోపలికి రానివ్వరని ముందే చెప్పారు. కళ్ళు తుడుచుకుని, ఆవిడ పనికి వెళ్ళింది.