చెవి అందని పిల్ల

నా చిన్నప్పుడు బడిలో చేరడానికి అక్షరాలు రానక్కర్లేదు, చెవి ఉంటే చాలు. కుడిచేతిని తలమీదుగా వేసి ఎడమ చెవిని పట్టుకోగలిగితే ఆరేళ్లు నిండినట్టు లెక్క. పుట్టిన తేదీ మా ఇళ్లలో ఎవరికీ తెలియదు. వానలు ఎక్కువ పడ్డ ఏడు, ఎడ్లు చచ్చిన ఏడు అని చెబితే బడి పెద్ద రాసుకోడు. ఆయన్ని అక్కడ హిందీలో బడే గురూజీ అంటారు. అందుకని మా వయసును ఆయన మా చేతులనే అడిగేవాడు.

ఆ ఏడు మేము భోపాల్‌పట్నం నుంచి కొండ కింది గనుల ఊరికి వచ్చాం. అక్కడ మా పెద్దనాన్నకు బట్టల కొట్టుంది. నాన్న అందులో గుడ్డ కొలిచి చింపే పనికి కుదిరాడు. నాకు ఆరేళ్లు దాటాయి, తమ్ముడికి ఇంకా అయిదు రాలేదు. ఊళ్లో మంచి బడి ఒక్కటే, గని ఉద్యోగుల కాలనీలో ఉండేది. అది వాళ్ల పిల్లల కోసం కట్టింది. ఖాళీలు మిగిలితే బజారు వాళ్లకూ ఇచ్చేవారు, దయగా, ఏడాదికి ఇంటికి ఒకటి. ఆ సంగతి మాకు బడికి వెళ్లాకే తెలిసింది.

ఆ బడిలో మాట్లాడాలంటే హిందీ కావాలి, నాన్నకు అది రాదు. పెద్దనాన్నకు ఇంట్లో తెలుగు, ఆఫీసర్లతో హిందీ, సంతలో హల్బీ, బేరం చెడితే గోండీ. అందుకని మమ్మల్ని బడికి తీసుకెళ్లే పని ఆయన మీద పడింది. ముందురోజు కొట్లోనే పరీక్ష పెట్టాడు. నా చెయ్యి తలమీదుగా వెళ్లి చెవిని శుభ్రంగా పట్టుకుంది. తమ్ముడి చెయ్యి నడినెత్తి దాటి ఆగిపోయింది.

"ఏందిరా, అది చెయ్యా, వంకాయ తొడిమా?" అని నవ్వి, పెద్దనాన్న వాడికి కిటుకు నేర్పాడు. భుజం పైకెత్తాలి, సిగ్గుపడుతున్నట్టు తల పక్కకి వాల్చాలి. అప్పుడు చెవే చేతి దగ్గరికి వస్తుంది. సాయంత్రానికి వాడు కొత్త కోడలిలా సిగ్గుపడటం నేర్చుకున్నాడు. అమ్మ చూసి మురిసిపోయింది. కిటుకు అవసరం లేని పిల్లనని నాకు మాత్రం కొంచెం గర్వంగానే ఉంది.

మర్నాడు బడే గురూజీ మా ఇంటికి ఒక్క సీటేనని, ముందు పెద్దపిల్లను చూస్తానని హిందీలో చెప్పి నన్ను పిలిచాడు. నేను చెయ్యి ఎత్తాను. పెద్దనాన్న నా వెనక నిలబడి, నవ్వుమొహంతో, ఆ గదిలో మాకు తప్ప ఇంకెవరికీ రాని తెలుగులో అన్నాడు: "అందనట్టు చెయ్ బిడ్డా. నువ్వు మంచిదానివి గదా. నీకు వచ్చే ఏడు."

నేను మంచిదాన్నే. వేళ్లను చెవికి పైన, జుట్టులోనే ఆపేశాను. గురూజీ పాపం, ఇంకాస్త చాపమని మళ్లీ మళ్లీ చెప్పాడు. నేను చాపలేదు. "ఛోటీ హై", ఇంకా చిన్నపిల్ల అని, ఆయన తమ్ముణ్ని పిలిచాడు. వాడు భుజం ఎత్తి, సిగ్గుపడి, చెవి పట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దనాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. బజారులో ఎదురైన వాళ్లందరికీ "మా బిడ్డ బంగారం" అని చెప్పాడు. సీటు దొరికినవాడు కాళ్లు నొప్పులని ఏడుస్తూ వెనక నడిచాడు. ఆ పూట ఆ ఊళ్లో నాకన్నా సంతోషంగా ఉన్నవాళ్లు ఎవరూ లేరు.

ఇంట్లో అమ్మ అడిగింది. "ఏందే, నిన్న అందింది గదా, ఇయ్యాల అందలేదా?"

"అందలే" అన్నాను.

"పొడుగైతది తియ్యి, వచ్చే ఏటికి" అన్నాడు పెద్దనాన్న. అమ్మ నా చెయ్యి చూసింది, ఆయన మొహం చూసింది. తర్వాత అన్నం వడ్డించింది.

వచ్చే ఏడు నిజంగానే వచ్చింది. ఈసారి నా వేళ్లు చెవి దాటి చెంపదాకా వెళ్లాయి. ఈ పిల్లకు ఒకటో తరగతి వయసు దాటిపోయిందని గురూజీ పంపేశాడు. రెండో తరగతిలో కూర్చోవడానికి ఒకటో తరగతి చదవాలట. నేను వాగు అవతల సర్కారు బడిలో చేరాను. అక్కడి గురూజీ వచ్చిన రోజుల్లో హిందీలో చెప్పేవాడు. గోండు పిల్లలూ నేనూ ఏ తేడా లేకుండా అర్థం కాక చూసేవాళ్లం. ఆ బడి అయిదో తరగతితో అయిపోయింది. పై తరగతులు తెరిచేదాకా కొట్లో తానులు మడతపెట్టాను. జగదల్‌పూర్ కాలేజీకి చేరేసరికి తోటి విద్యార్థులు నన్ను దీదీ అని పిలిచి, కూర్చోవడానికి చోటిచ్చేవారు. తమ్ముడు అప్పటికే గనిలో ఉద్యోగస్తుడు.

పెద్దనాన్న చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే ఆయన మాట వినేదాన్ని కాదు. ఆ తర్వాత కూడా నాకేదైనా చేజారినప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, అంతకు కాస్త ముందు ఎవరో ఒకరు నన్ను మెచ్చుకునే ఉన్నారు.

మొన్న తమ్ముడు రిటైరై, దండలు వేయించుకుని ఇంటికొచ్చాడు. మనవలను చుట్టూ కూర్చోబెట్టుకుని, ఎవరి సాయం లేకుండా పైకొచ్చానని చెబుతున్నాడు. "బడిలో చేరే దినం అక్కకు అందలే, నాకు అందింది. గంతే" అని నవ్వాడు. పిల్లలు నిజమేనా అన్నట్టు నా వైపు చూశారు.

"అవును, నాకు అందలే" అన్నాను. ఆ మాట అనమని ఈసారి నా వెనక ఎవరూ నిలబడలేదు.