లాగోస్ కాన్వెంటు

దుబాయ్ దగ్గర జెబెల్ అలీలో రేవు కడుతున్న రోజులవి. అక్కడ కరెంటు పనుల మీద సూపర్‌వైజరుగా ఉన్న మా ఆయనను ముదీర్, అంటే మేనేజరు, పిలిచి ఒక్కటే మాట చెప్పాడట: ఇక్కడి పని ఖలాస్, నౌకరీ కావాలంటే లాగోస్ వెళ్లు, లేదంటే ఇండియా వెళ్లు.

లాగోస్ అంటే నాకు భయం లేదు. కరీంనగర్ నుంచి దుబాయ్ వచ్చినదాన్ని, ఇంకో సముద్రం దాటితే కొంప మునగదు. నా దిగులంతా తొమ్మిదేళ్ల మా అమ్మాయి బడి గురించే. కంపెనీ ఫీజు కట్టేది ఒక్క బడికే. చాలా పాతదట, తెల్లవాళ్ల కాలం నుంచీ ఉందట, పెద్దపెద్దవాళ్ల పిల్లలు చదువుతారట. మా ఆయన ఈ 'అట'లన్నీ ఆఫీసులో విని వచ్చి ఇంట్లో మురిసిపోయేవాడు. నాకు పెళ్లి సంబంధం తెచ్చినవాడి మాటలు గుర్తొచ్చేవి. అలాంటివాడు చెప్పకుండా వదిలేసిందే అసలు సంగతి.

అప్పుడే లాగోస్ ఆఫీసు ఇంజనీరు ఒకాయన, ఆ ఊరివాడే, భార్యతో సహా దుబాయ్ వచ్చాడు. ఆమె చదివింది ఆ బడిలోనేనని తెలిసి, ఒక శుక్రవారం ఇద్దరినీ దేరాలోని మా ఇంటికి చాయ్‌కి పిలిచాం. మగవాళ్లు సిగరెట్ల కోసం కిందికి దిగారు. ఇంట్లో ఆమె, నేను, దుకాణాల్లో నేర్చిన నా ఇంగ్లీషు మిగిలాం.

మా జిల్లాలో ఇంగ్లీషు చదువు చెప్పే బడి ఏదైనా కాన్వెంటే. నడిపేది రిటైరైన పంతులైనా, బట్టల కొట్టు సేటైనా సరే. ఆ అలవాటులోనే, "మా పాపను కాన్వెంటులో వేస్తున్నాం" అని చెప్పాను.

ఆమె కప్పు కింద పెట్టింది. "ఇంత చిన్నపిల్లనా? ఒక్కతే కూతురు కదా?"

"చిన్నప్పుడే వేస్తే మంచిది. పెద్దయ్యాక మాట వినరు."

"మరి కాల్ వచ్చిందా?"

"నిన్ననే వచ్చింది. ఆఫీసుకు."

ఆమె గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. బాగా భక్తి ఉన్న మనిషి కాబోలు అనుకున్నాను. తలుపు పక్కన నిలబడ్డ మా అమ్మాయిని దగ్గరికి పిలిచి, రెండు చేతులూ పట్టుకుని అడిగింది: "నీకు ఇష్టమేనా తల్లీ? ఇక ఇంటికి రాలేవు. పెళ్లి కూడా ఉండదు. అమ్మ చెప్పిందా?"

ఇక్కడి స్కూల్లో చదివే పిల్లకు ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. బావురుమంది.

ఆ ఏడుపు విని మగవాళ్లు మెట్లెక్కి పరుగున వచ్చారు. చిక్కుముడి విప్పింది ఇంజనీరే. వాళ్ల దగ్గర కాన్వెంటంటే సన్యాసినుల మఠం. కాల్ అంటే టెలిఫోను కాదు, దేవుడి పిలుపు. కన్నకూతురిని నేను సన్యాసంలో కలుపుతున్నానని ఆమె హడలిపోయింది. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె, నేను కళ్లు తుడుచుకుంటూ నవ్వాం. పిల్ల మాత్రం నా కొంగు వదల్లేదు.

నవ్వులయ్యాక ఆమె బడి సంగతి చెప్పింది. చదువుకు వంక పెట్టడానికి లేదు. కానీ కంపెనీ పని జరిగే చోటు ఊరికి అటు చివర, బడి ఇటు చివర. మధ్యలో వంతెన మీద బండ్లు గంటలకొద్దీ కదలవు. ఆ అవస్థకు వాళ్లు 'గో స్లో' అని పేరే పెట్టుకున్నారు. అంత దూరంలో ఉండే పిల్లలైతే బడిలోనే ఉండిపోవాలి. తల్లిదండ్రులు నెలకొక ఆదివారం వచ్చి చూడొచ్చు.

"మంచిదే. డిసిప్లిన్ అస్తది," అన్నాడు మా ఆయన, వాళ్లను సాగనంపి వచ్చాక.

నాకు ఒళ్లు మండింది. "మరి గామె తప్పేమన్నది? పిల్ల ఇంటికి రాదన్నది. అస్తదా?"

"సెలవులకు అస్తది గదా."

"సెలవులకు సుట్టాలస్తరు."

"దగ్గర్ల వేరే బడి లేదంటున్నరు. నన్నేం జెయ్యమంటవు? నౌకరీ ఇడిసి పోదమా?"

ఆయనేమీ రాతిగుండె మనిషి కాదు. పిల్లకు జ్వరమొస్తే డ్యూటీ మానేసి మంచం పక్కనే కూర్చునేవాడు. తను గడప కూడా తొక్కలేని బడిలో తన కూతురు చదువుతుందని ఆశపడ్డాడు. ఆ ఆశను చూస్తే నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

మా మాటలన్నీ విన్న పిల్ల వచ్చి ఆయన ముందు నిలబడింది.

"బాపూ, నన్ను రోజూ బడికెళ్లి ఇంటికి తెస్తనని నా మీద ఒట్టెయ్యి."

మా ఇళ్లలో ఎంతటి అబద్ధాలకోరైనా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి అబద్ధమాడడు. ఆయన చెయ్యి లేచింది. పిల్ల తల వంచింది. ఆ చెయ్యి సగం దాకా వచ్చి, మళ్లీ ఆయన ఒళ్లోకే దిగిపోయింది.

నేను వెళ్లి పెట్టాను.

లాగోస్‌కు ఆయన ఒక్కడే వెళ్లాడు. పిల్లా నేనూ కరీంనగర్ వచ్చేశాం. ఒట్టు తప్పలేదు. రోజూ సాయంత్రం అది బడి నుంచి ఇంటికి వచ్చేది. సంచి దించకుండానే, బాపు ఎప్పుడస్తడని అడిగేది.