టీసీగారి పొయ్యి తనిఖీ

టీసీగారికి నమ్మకం అనే పదార్థం పడదు. కొందరికి వంకాయ పడనట్టు, అంతే. రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి చేసి రిటైరయ్యారు గానీ, ఆయన కళ్ళు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. పాలు పోయించుకుంటే గిన్నె వంచి చూస్తారు. అద్దం ముందు నిలబడితే అందులో మనిషిని కూడా ఎగాదిగా చూసి గానీ దువ్వెన తియ్యరు.

అన్నిటికంటే ఆయన అనుమానం కట్టెల పొయ్యి మీద. ఆ ఊరి చలి ఎముకలు కొరికేస్తుంది. గదుల్ని వెచ్చబెట్టేది ఇనుప పొయ్యే. ముందు అద్దం తలుపు, వెనక గోడలోకి పోయే పొగగొట్టం. ఆయన మేడ మీద అద్దెకు దిగిన నర్సమ్మకి ఆ అనుమానం రుచి మొదటి సాయంత్రమే తెలిసింది. పాపని అలా జోకొట్టిందో లేదో, తలుపు దబదబా మోగింది.

"ఎవరూ?"

"పొయ్యి చూడాలి."

వస్తూనే రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి, చెవి ఒగ్గి విన్నారు.

"ఇది పచ్చిది. మొద్దు శబ్దం, విన్నావా? ఎండినదైతే టంగుమనాలి. టికెట్ లేకుండా ఎక్కింది. దింపు!"

"ఒక్క కట్టేగా తాతగారూ!"

"అందరూ ఒక్కటే అంటారు. దాని పొగే గొట్టంలో తారులా పేరుకునేది. అది అంటుకుందా, కొంప మునిగినట్టే!"

తర్వాత జేబులోంచి పాత రైలు టికెట్ తీసి, పొయ్యి తలుపు సందులో పెట్టి, తలుపు బిగించి లాగారు. రాలేదు. ఇంకో పక్క పెట్టి లాగితే సులువుగా ఊడొచ్చింది. "చూశావా! ఇక్కడ గాలి చొరకుండా తలుపు అంచుకి బిగించిన తాడు అరిగింది. గాలి దొంగచాటుగా లోపలికి దూరుతోంది," అన్నారు. దొంగ దొరికినందుకు మొహం వెలిగిపోయింది.

"బూడిద ఎక్కడ పోశావు?"

"బయట, చెత్తబుట్టలో. చల్లారిపోయిందండీ."

"చల్లారిందని ఎవరు చెప్పారు? బూడిద చెప్పిందా? అయ్యో రామా! లోపల నిప్పు రోజుల తరబడి నక్కి కూర్చుంటుంది తల్లీ!" అని కిందికి పరిగెత్తి, మూతున్న ఇనుప బకెట్ తెచ్చి, బూడిదంతా అందులోకి ఎత్తించి, గోడకి దూరంగా రాతినేల మీద పెట్టించారు. మూత మీద ఇటుక కూడా పెట్టారు, బూడిద లేచి పారిపోతుందేమోనని.

ప్రతి ఆదివారం పొయ్యి పూర్తిగా చల్లారాక, పొడుగాటి బ్రష్షుతో గొట్టం దులిపి, మసి మొహంతో లోపలికి తొంగిచూస్తూ, "ఇంకా ఉంది. దాక్కుంది," అనేవారు.

ఇదంతా నర్సమ్మ భరించేదే. తనిఖీ అయ్యాక వెళ్ళరే, అదీ ఆవిడ బాధ! పొయ్యి ముందు కుర్చీ వేసుకుని, అరచేతులు చాపి, "వేడి పరీక్షిస్తున్నా," అంటూ కదిలేవారు కాదు.

"ఈయన కన్ను మన వాటా మీదుంది. ఏదో తప్పు పట్టి ఖాళీ చేయించాలని చూస్తున్నాడు," అంది మొగుడితో.

ప్రెస్సులో పనిచేసే ఆ మొగుడికి ప్రపంచమంతా మంచిదే. "పోనిద్దూ, పెద్దాయన," అన్నాడు.

"మీకు అందరూ పెద్దాయనలే! ఆయన గదిలోకి మనల్ని ఏనాడైనా రానిచ్చాడా? తలుపు సందులోంచి ముక్కు మాత్రం బయటపెట్టి మాట్లాడతాడు. లోపల ఏం దాచాడో!"

ఓ సాయంత్రం కట్టెల చప్పుడికి పాప ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చింది. అంతే, నర్సమ్మకి తిక్కరేగింది. వెనక వీధిలో గది చూసేసింది. గోడలు చెమ్మగా ఉన్నాయి, పాపకి జలుబు తప్పదని ఆవిడకే తెలుసు. అయినా సరే, మర్నాడు మధ్యాహ్నం తాళంచెవి మొహాన కొట్టి వద్దామని కిందికి దిగింది.

తలుపు ఓరగా ఉంది. తోసింది.

లోపల వీధిలోకంటే చలిగా ఉంది. టీసీగారు స్వెట్టర్ మీద స్వెట్టర్, దాని మీద కోటు, ఆ పైన దుప్పటి కప్పుకుని, మంకీ క్యాప్‌తో ఓ మూటలా కూర్చుని పేపరు చదువుతున్నారు. నోట్లోంచి ఆవిరి వస్తోంది. మూల ఓ ఇనుప పొయ్యి ఉంది. దాని నిండా ఉల్లిపాయలు! దాని గొట్టం గోడలోకి పోవాల్సిన కన్నానికి రేకు బిగించి, చుట్టూ మట్టి మెత్తి ఉంది.

"పొయ్యి ఎందుకు మూసేశారు?" అంది నర్సమ్మ.

"ఉల్లిపాయలకి... చోటు చాలక."

"నిజం చెప్పండి!"

టికెట్ లేనివాళ్ళని అన్నాళ్ళు నిలదీసిన మనిషి ఇప్పుడు నేలచూపులు చూశారు.

"ఇంటికంతా గోడలో పొగ పోయే దారి ఒక్కటే అమ్మాయ్. పైనా కిందా రెండూ వెలిగిస్తే, ఒకళ్ళ పొగ ఇంకొకళ్ళ గదిలోకి దిగొచ్చు. కంటికి కనపడని విషం అందులో ఉంటుంది. పైన పసిపిల్ల నిద్రపోతుందాయె. అందుకని మీరు దిగిన రోజే మూసేశా."

రోజూ సాయంత్రం ఆ చేతులు ఎందుకు చాపేవారో నర్సమ్మకి అప్పుడు తెలిసింది.

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు వెలిగించడం మానేస్తారేమోనని అనుమానం."

తాళంచెవి పమిట చాటుకి పోయింది. "లేవండి. పైన తనిఖీ ఉంది."

"ఇప్పుడా? మధ్యాహ్నం పూటా?"

"మధ్యాహ్నం మంట మీద నాకు అనుమానంగా ఉంది. ఇకనుంచి పొద్దున్న కూడా చెయ్యాలి. లేవండీ!"

పైకొచ్చి కూర్చున్నాక పాప ఆయన ఒళ్ళోకెక్కింది. కాసేపటికి ఇద్దరూ గురకలు. నర్సమ్మ చడీచప్పుడు లేకుండా పొయ్యిలోకి గాలి వదిలే చిన్న తలుపు సర్దుతుంటే, టీసీగారు ఒక కన్ను తెరిచారు.

"మంట?"

"నేను చూస్తున్నాగా తాతగారూ."

ఆయన ఆవిడని ఎగాదిగా చూశారు.

"సరే," అని కన్ను మూసుకున్నారు.