తెరచాప మీద జానెడు చిరుగు

ఈ మాట గొంతులో పెట్టుకుని ఏళ్లుగా తిరుగుతున్నాను. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి, ఇది మాత్రం దిగదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మస్కట్‌లో, అజైబాలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో నేను ఏసీ మెకానిక్‌ని. కింది హాల్లో బట్ట మీద రంగులతో వేసిన గోడంత పటం ఒకటి ఉంది. పాతకాలపు పోర్చుగీసు ఓడలు మస్కట్ రేవులోకి వస్తుంటాయి. ఒడ్డున కొందరు నిలబడి చూస్తుంటారు. ఆ హాలు తుడిచే గంగన్నది జగిత్యాల దగ్గర మా పక్క ఊరే. ఇద్దరం ఒకే కంపెనీ తరఫున పనిచేస్తూ ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం. పటం చట్రం మీద దుమ్ము దులుపుతూ, వచ్చేది ఎవరో ఒడ్డున ఉన్నవాళ్లకు ఇంకా తెలియదు పాపం, అనేవాడు.

ఒక మధ్యాహ్నం అందరూ నమాజుకు వెళ్లారు. గంగన్న చెత్త పారేయడానికి వెనక్కి పోయాడు. ఇద్దరు పట్టుకోవాల్సిన నిచ్చెనను నేనొక్కణ్నే జరిపాను. దాని కొస పటంలోని పెద్ద ఓడ తెరచాపలో దిగింది. జానెడు మేర బట్ట చిరిగి వేలాడింది. నిచ్చెన తీసుకుని పై అంతస్తుకు వెళ్లిపోయాను. ఎవరూ చూడలేదు.

సాయంత్రం మా కంపెనీ మేనేజరు పిలిచి, ఆ వేళ హాల్లో ఎవరున్నారని అడిగాడు. నా మీద అతనికి అనుమానమే లేదు. తెలియదంటే సరిపోయేది. గంగన్నే ఉంటాడు సార్, రోజూ ఆ పటం తుడుస్తాడు, అన్నాను. ఎందుకన్నాను? భయం వల్లనేనని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కానీ భయపడ్డవాడు నోరు మూసుకుంటాడు కదా, ఇంకొకడి పేరు అంత స్పష్టంగా ఎలా పలుకుతాడు?

గంగన్న వీసా క్యాన్సిల్ చేశారు. రూమ్‌లో పెట్టె సర్దుకుంటూ అడిగాడు.

"అన్నా, నా తరపున ఓ మాట చెప్పినవా?"

"చెప్పిన. ఇనలే."

"నువ్వన్న చెప్పినవ్. గది చాలు."

ఇంటికి పోయాక కొన్నాళ్లకు ఏజెంటును పట్టుకుని ఇంకో దేశం వెళ్లాడు. అక్కడ సైట్‌లో పరంజా మీంచి పడి చనిపోయాడు. అతన్ని తోసింది నేను కాదు. మరి ఆ పరంజా దాకా నడిపించింది ఎవరు? అతని భార్య రాజవ్వ అప్పుడప్పుడు ఫోన్ చేసి నా ఆరోగ్యం అడిగేది. ఆయన కోసం మాట్లాడిన ఒకే ఒక్క మనిషిని నేనేనట. ఆ మాట విని ఊ కొట్టేవాణ్ని. ఊ కొట్టి, ఫోన్ పెట్టేసి, బాత్‌రూమ్‌లో నల్లా తిప్పి ఏడ్చేవాణ్ని. ఏడిస్తే ఎవరికి లాభం?

నిన్న నేనే ఆమెకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను. ఆ పటం ఎంత చినిగిందని ఆమె అడిగింది. జానెడు, అన్నాను. కుట్టరాకపోయిందా అని అడిగింది. కుట్టారమ్మా, ఇప్పుడు కనిపించను కూడా కనిపించదు, అన్నాను.

ఫోన్ పెట్టేసింది.

ఆ పటం చింపింది నేను. గంగన్న పేరు చెప్పింది నేను. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకు మించి ఏమీ మారలేదు.