నానుతాడు పోయిన వేసవి

మా కాలనీ అనకాపల్లి చివర, చెరుకు మళ్ళు చదును చేసి వేసిన లేఅవుట్‌లో ఉండేది. మొత్తం పాతిక ఇళ్ళు కూడా లేవు. పెళ్ళయిన రెండో ఏట మేం అక్కడ అద్దెకు దిగాం. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మగవాళ్ళ జేబుల్లోకి వస్తున్నాయి. పొద్దున్న ఆరున్నరకి పరవాడ కంపెనీ బస్సు వచ్చి మా ఆయన్నీ, ఎదురింటి అన్నయ్యనీ, ఇంకో పది మందినీ ఎక్కించుకుపోయేది. పిల్లలు బడికి వెళ్ళాక సాయంత్రం దాకా వీధంతా ఆడవాళ్ళమే. గేట్లకు గొళ్ళాలే తప్ప తాళాలు లేవు.

ఎదురింటి అన్నయ్య భార్యని అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడది రోలుగుంట వైపు ఊరు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. వంట రాని నాకు పులుసు పెట్టడం దగ్గర్నుంచి అన్నీ ఆవిడే నేర్పింది. కొత్తిమీర తెస్తే సగం మా ఇంట్లో పడేసి గాని వాళ్ళింట్లోకి వెళ్ళేది కాదు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు మా గేటు ముందు ఆగారు. ఇత్తడి సామానుకి మెరుగు పెట్టే పొడి అమ్ముతున్నామని, కొనకపోయినా ఫరవాలేదు, ఒకసారి చూడమని అన్నారు. నేను దీపం కుంది తెచ్చి ఇచ్చాను. ఏదో పొడి రాసి తుడిచారు. కుంది కొత్తదానిలా తళతళలాడింది. ఆ సంబరంలో దాన్ని పట్టుకుని నేనే ఎదురింటికి వెళ్ళాను.

"అక్కా, చూడు, ఎలా మెరుస్తోందో."

వాళ్ళు నా వెనకే వచ్చారు. పొయ్యి మీద పప్పు ఉందని నేను వెనక్కి వచ్చేశాను. తర్వాత జరిగింది అక్క చెప్పగా విన్నదే. మొదట వెండి పట్టీలు తోమి ఇచ్చారట. తర్వాత, బంగారానికి కూడా మెరుగు పెడతామన్నారట. అక్క సూత్రాలు తీసి పసుపుతాడుకి గుచ్చి మెడలో కట్టుకుని, అవి ఉండే బంగారు గొలుసు, నానుతాడు మాత్రం ఇచ్చింది. దాన్ని ఒక డబ్బాలో వేడి పసుపునీళ్ళలో వేసినట్టు చూపించి, మూత పెట్టి, చల్లారాక తియ్యమని చెప్పి వెళ్ళిపోయారు. తీసి చూస్తే డబ్బాలో పసుపునీళ్ళే ఉన్నాయి.

అక్క ఏడవలేదు. మా గుమ్మంలోకి వచ్చి ఆ డబ్బా నాకు చూపించి, "ఇందులో ఏటీ లేదే, పిల్లా," అంది. అంతే.

మా వీధి మొదట్లో రిటైరైన టీచరుగారు ఒంటరిగా ఉండేవారు. ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని చర్చికి వెళ్ళేవారు. మిగతా ఆరు రోజులూ మా అందరికీ ఆవిడే పెద్దదిక్కు. సంగతి వినగానే చెప్పులేసుకుని మమ్మల్నిద్దరినీ ఆటోలో స్టేషనుకి తీసుకెళ్ళారు.

"మనుషులు ఎలాగున్నారమ్మా? గుర్తులేటైనా సెప్పగలవా?" అని అడిగాడు హెడ్డు కానిస్టేబులు.

"నవ్వుమొగాలండి. అక్కా, అక్కా అని బాగా మాటాడేరు," అంది అక్క.

ఆయన పెన్ను పట్టుకుని కూర్చున్నాడు గాని అది రాసుకోలేదు. నాకూ అంతకంటే ఏమీ గుర్తు లేదు. ఇద్దరం అంతసేపూ చూసింది మెరుస్తున్న సామాన్లనే.

తిరిగి వస్తుంటే ఆటోలో నాకు దుఃఖం ఆగలేదు. "నేనే వాళ్ళని నీ ఇంటికి తెచ్చాను, అక్కా," అన్నాను.

"నువ్వు కుంది సూపించేవు. గొలుసు తీసి ఇచ్చింది నాను. నా ఆశ నాదే, నీకెందుకు ఇస్తాను," అంది అక్క.

ఆవిడ భయమంతా ఇంట్లో ఎలా చెప్పాలన్నదే. సాయంత్రం బస్సు దిగిన అన్నయ్యకి గేటు దగ్గరే చెప్పేసింది. నేను మా వరండాలో నిలబడి వింటున్నాను. ఆయన టిఫిన్ క్యారేజీ కింద పెట్టి, "నిన్నేటీ సెయ్యలేదు కదా?" అని అడిగాడు. లేదంది. "మరింకేటి. పద, ఆకలేత్తంది," అని లోపలికి వెళ్ళాడు. ఆ రోజు నుంచి ఆయన మీద నాకున్న గౌరవం వేరు.

ఆ వారంలోనే ప్రతి గేటుకీ తాళం పడింది. పాలవాడు కూడా బయట నిలబడి పిలవాల్సి వచ్చేది. పట్టపగలు తలుపులు మూసుకుని కూర్చునేవాళ్ళం. అది చూడలేక టీచరుగారు ఒక పద్ధతి పెట్టారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం మా పనులు పట్టుకుని ఆవిడ వరండాకి రావాలి. అక్కడి నుంచి వీధి రెండు చివర్లా కనిపిస్తుంది. కొత్తమనిషి వస్తే ఆవిడ బడిలో డ్రిల్లు చేయించిన విజిల్ ఊదుతారు. బియ్యం ఏరుకుంటూ, జాకెట్లకి హుక్కులు కుట్టుకుంటూ అలా కాపలా కాశాం. నిజానికి కాపలా కంటే కబుర్లే ఎక్కువ.

వర్షాలు మొదలయ్యే ముందు ఒక రోజు విజిల్ మోగింది. సైకిలు మీద సంచులు వేలాడేసుకుని ఒక ముసలాయన వస్తున్నాడు. ఎనిమిది మంది ఆడవాళ్ళం చుట్టూ నిలబడేసరికి ఆయన సైకిలు దిగి బిత్తరపోయాడు.

"కుక్కర్లు బాగు సేత్తానమ్మా. మాది నక్కపల్లి," అన్నాడు.

"వాళ్ళూ ఇలాగే ఏదో ఒకటి చెప్పారు," అంది మాలో ఒకావిడ. స్టేషనుకి ఫోన్ చేయమంది ఇంకొకావిడ. టీచరుగారు సంచి విప్పమన్నారు. ఆయన రబ్బరు రింగులు, పిడులు, స్క్రూడ్రైవరు తీసి నేల మీద వరసగా పెట్టాడు. చివర్న అరిటాకులో చుట్టిన చద్దన్నం కూడా పెట్టాడు.

అప్పుడు అక్క ఎండలోంచి ఇంటికి వెళ్ళింది. ఒక చేత్తో మంచినీళ్ళ చెంబు, ఇంకో చేత్తో వాళ్ళ కుక్కరు పట్టుకుని తిరిగొచ్చింది.

"ముందు నీల్లు తాగు, బాబాయ్. తరవాత దీని పిడి సూడు. నెల్లాళ్ళయి ఊగుతంది."

ఆయన వరండా మెట్ల మీద కూర్చుని పిడి బిగించాడు. టీచరుగారు లోపలికి వెళ్ళి మజ్జిగ, ఆవకాయ తెచ్చి ఆ చద్దన్నం పక్కన పెట్టారు. సాయంత్రం లోపు వీధిలో కుక్కర్లన్నీ ఆయన ముందుకి వచ్చాయి. నాది బాగానే ఉన్నా, నేనూ తీసుకెళ్ళి రింగు మార్పించాను.

నానుతాడు దొరకలేదు. అక్క పసుపుతాడుతోనే ఏడాది పైన ఉంది. మళ్ళీ గొలుసు చేయించుకున్న రోజు ముందు మా ఇంటికే వచ్చి చూపించింది. పాతదానికంటే సన్నగా ఉంది.

"భయం వెయ్యదా, అక్కా?" అని అడిగాను.

"ఎయ్యకేటి," అని, గొలుసు చీర లోపలికి తోసుకుని, "ఈయేళ కూరేటి నీది?" అంటూ మా వంటింట్లోకి నడిచింది.