చాలు అనని ఆకలి

ఆపరేషన్ తర్వాత మా ఆయన మొదటిసారి మారు అన్నం అడిగిన రోజు మా అత్తయ్య కళ్ళు తుడుచుకుని ప్రార్థన చేసింది. ఎనభైల నాటి మాట. ఒంగోలు దగ్గర మిషన్ బళ్ళో ఆయన సైన్సు టీచరు, నేను చిన్న తరగతులకు తెలుగు చెప్పేదాన్ని. తలనొప్పి, చూపు మసకబారడం మొదలయ్యాయి. మద్రాసులో మెదడు అడుగున గడ్డ ఉందని చెప్పి తీసేశారు.

బతికి బయటపడ్డారు, ఆకలి పుట్టింది, ఇంకేం కావాలి అనుకున్నాం. కానీ ఇడ్లీలు తిని, స్నానం చేసి వచ్చి, మళ్ళీ టిఫిన్ అడిగేవారు. తిన్న సంగతి మరిచిపోతున్నారేమోనని భయపడ్డాను. అదీ కాదు, ఎన్ని తిన్నదీ ఆయనే చెప్పేవారు, అయినా ఇంకా కావాలనేవారు. ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి పండుమిరప పచ్చడి జాడీ ముందు పెట్టుకుని కూర్చున్నారు. అన్నం అయిపోయింది. నానబోసిన బియ్యం ఆ పచ్చడిలో అద్దుకుని తింటున్నారు. కళ్ళూ ముక్కూ కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగడం లేదు.

ఏడాది తిరక్కుండానే ఆయన చొక్కాలేవీ పట్టకుండా పోయాయి. ఆయన ఆకలితో వేగడం ఒక ఎత్తు, జనం సలహాలతో వేగడం ఒక ఎత్తు.

"చచ్చి బతికినోడమ్మా, తిననీ," అని అత్తయ్య.

"మాస్టారికి నోరు కట్టుకోవడం రావట్లేదండి, మీరే గట్టిగా చెప్పాలి," అని తోటి టీచర్లు.

పెట్టమన్నవాళ్ళూ, పెట్టొద్దన్నవాళ్ళూ చివరికి తప్పుపట్టేది నన్నే.

గుంటూరు తీసుకెళ్ళాను. అక్కడ బ్రాడీపేటలో ఒక డాక్టరు బరువు చూసి, "అన్నం మానేసి రెండు పుల్కాలు తినండి మాస్టారూ, మనసు గట్టిగా పెట్టుకోవాలి," అన్నారు. బస్టాండు దగ్గర ఆయన మిరపకాయ బజ్జీల బండి ముందు ఆగిపోయారు. నేను చెయ్యి పట్టుకుని లాగాను. ఎన్నడూ గొంతు పెంచని మనిషి, "నన్ను వదిలెయ్," అని నలుగురూ తిరిగి చూసేలా అరిచారు.

బస్సెక్కాక మెల్లగా చెప్పారు. "పొట్ట నిండిందని నాకు తెలుస్తూనే ఉంటుంది. అయినా తిను తిను అని లోపల ఒకటే పోరు. నువ్వు ఊపిరి బిగబట్టి ఎంతసేపు ఉండగలవు? ఇదీ అంతే."

ఆ మాట పట్టుకుని మళ్ళీ మద్రాసు వెళ్ళాం. ఆపరేషన్ చేసిన డాక్టరు ఈసారి తీరిగ్గా చెప్పారు. "మెదడు అడుగున హైపోథాలమస్ అని చిన్న చోటుందమ్మా. ఆకలి పుట్టించేదీ, చాలనిపించేదీ అదే. న్యూరోపెప్టైడ్లని కొన్ని రసాయనాలు అక్కడ ఒక కణం కబురు ఇంకో కణానికి మోస్తాయి. వాటి సంగతి మాకూ ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. గడ్డ ఆ చోటుకే అంటుకుని ఉండటంతో అది దెబ్బతింది. పొట్ట చాలంటున్నా అక్కడ వినేవాళ్ళు లేరు."

"మందు ఉందా అండీ?"

"ఇప్పటికైతే లేదు. ఇంట్లో తిండి కంటపడకుండా చూడండి. ఆయన్ని మాత్రం తిట్టకండి."

తిండి కంటపడకుండా సంసారం ఎలా చెయ్యాలో ఆ డాక్టరు చెప్పలేదు.

ఇంటికొచ్చాక మా ఆయనే సుద్దముక్కతో నేలమీద తలకాయ బొమ్మ గీసి వాళ్ళమ్మకు పాఠం చెప్పారు. ఆవిడ శ్రద్ధగా విని, "అర్థమైందిరా," అంది. సాయంత్రానికి కొంగు చాటున జంతికలు తెచ్చింది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆయన జంతికల వైపు చూడకుండా అన్నారు. "అమ్మా, నువ్వు పెడితే కాదనడం నా వల్ల కాదు. అందుకని పెట్టొద్దు."

అత్తయ్య అక్కడే కూలబడి ఏడ్చింది. మర్నాడు పొయ్యి, బియ్యం డబ్బా, పచ్చళ్ళు అన్నీ పక్కవీధిలో ఉన్న తన ఇంటికి పట్టుకుపోయింది. పూటపూటకీ కొలిచి వండి క్యారియర్లో తెచ్చేది. తెచ్చిన ప్రతిసారీ ఆ మద్రాసు డాక్టర్ని తిట్టేది. నేనూ అక్కడే తిని వచ్చేదాన్ని. ఆయన బరువు పెరగడం ఆగింది గాని తగ్గలేదు. మళ్ళీ బడికి వెళ్ళి, కుర్చీలో కూర్చునే పాఠాలు చెప్పేవారు.

చర్చి పక్క పందిట్లో ఒక పెళ్ళిభోజనం గుర్తుంది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి, "మాస్టారు కాస్త ఒళ్ళు తగ్గించాలండి," అన్నాడు.

"ఆయనకి మెదడులో దెబ్బ తగిలిందండి," అన్నాను.

"మెదడుకీ బొజ్జకీ ఏం సంబంధమండీ?" అని నవ్వి, ఆ నోటితోనే వడ్డించేవాణ్ణి పిలిచి, "మాస్టారికి ఇంకో లడ్డూ వెయ్యరా," అన్నాడు.

నేను ఏదో అనబోయాను. అప్పటికే మా ఆయన విస్తరి మడిచి లేచారు. చేతులు కడుక్కుంటుంటే అడిగాను, "ఇంకా ఆకలిగా ఉందా?"

"ఎప్పుడు లేదు గనక? పద, ఇంటికెళ్దాం," అన్నారు.